వడ్డీ తగ్గుతుందని భూమి తనఖా పెట్టొచ్చా?

(సంతోష్‌నగర్‌లో జరిగిన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఇవాళ నాకిచ్చిన అంశం ఒక్కటే. సంఘం ఆఫీసుకు వచ్చే సభ్యులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న కూడా అదే. "బయట చేసిన అప్పులు తలకు మించినయ్. భూమో, ఇల్లో, బంగారమో పెట్టి ఒక్క పెద్ద లోను తీసుకుని అందరికీ కట్టేస్తే ఎట్లుంటది?"

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్ళను నమ్మకండి. కొందరికి అది నిజంగానే ఊపిరి పోస్తుంది. కొందరికి పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టవుతుంది. తేడా ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఊళ్ళో నోటు మీద తెచ్చిన అప్పుకు మన మాట, మన సంతకం పూచీ. తనఖా లోనుకు మన భూమి పూచీ. కాబట్టి "వడ్డీ ఎంత తగ్గుతుంది?" అని అడిగినప్పుడే "దాని కోసం ఏం పణం పెడుతున్నాను?" అని కూడా అడగాలి. రెండో ప్రశ్న అడగకుండా సంతకం పెట్టొద్దు. నేను చెప్పబోయేదంతా ఈ రెండు ప్రశ్నల గురించే.

ఈ బాధ ఒక్క ఇంటిది కాదు

అప్పు చేసి పప్పు కూడు తిన్నారని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళకు ఒక లెక్క చెప్పాలి. 2019 నాటి జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం దేశంలో సగం వ్యవసాయ కుటుంబాలు, అంటే 50.2 శాతం, అప్పుల్లో ఉన్నాయి. తెలంగాణలో అది 91.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం. సగటున ఒక్కో కుటుంబం మీద ఉన్న అప్పు దేశంలో 74,121 రూపాయలైతే, తెలంగాణలో 1,52,113, ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు. పదిమందిలో తొమ్మిదిమందికి అప్పుంటే దాన్ని దుబారా అనరు. గిట్టుబాటు కాని సాగు అంటారు.

అందుకే ముందుగా సిగ్గును పక్కన పెట్టండి. సిగ్గుతో దాచిన అప్పే ఎక్కువ పెరుగుతుంది. భార్యకు తెలియకుండా, కొడుక్కు చెప్పకుండా ఒంటరిగా మోస్తున్నవాళ్ళు ఇవాళ ఇంటికి పోయి చెప్పండి. మనసు మరీ కుంగిపోతే 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఎంత అప్పయినా మనిషి కన్నా పెద్దది కాదు.

కాగితం మీద లెక్క

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మన దగ్గర మిత్తి నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్తారు. బ్యాంకులో ఏడాదికి ఇంత శాతమని చెప్తారు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. బ్యాంకు 12 శాతం అంటే రూపాయి మిత్తి. ముందు అన్నిటినీ ఒకే భాషలోకి మార్చుకుంటేనే పోల్చగలం.

ఒక రైతుకు నాలుగు లక్షల బాకీ ఉందనుకుందాం. ఊరి షావుకారు దగ్గర రెండు లక్షలు, మూడు రూపాయల మిత్తి. ఎరువుల దుకాణంలో లక్ష, రెండు రూపాయల మిత్తి. బావమరిది దగ్గర లక్ష చేబదులు, దానికి మిత్తి లేదు. ఏడాదికి ఆయన కట్టే వడ్డీ షావుకారుకు 72 వేలు, దుకాణానికి 24 వేలు, మొత్తం 96 వేలు.

ఆయన భూమి పెట్టి 12 శాతానికి నాలుగు లక్షలూ తీసుకుని అందరికీ కట్టేశాడనుకోండి. ఏడాది వడ్డీ 48 వేలకు దిగుతుంది. సగం తగ్గింది, బాగానే ఉంది. కానీ ఇంకోలా చేసి చూడండి. అదే 12 శాతానికి రెండు లక్షలే తీసుకుని షావుకారు బాకీ ఒక్కటే తీర్చాడనుకోండి. కొత్త లోను మీద వడ్డీ 24 వేలు, దుకాణానికి ఎప్పటిలా 24 వేలు. ఇదీ 48 వేలే! వడ్డీ భారం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. కొత్తగా నెత్తికెత్తుకున్న లోను మాత్రం సగమే.

ఎందుకట్లా అయింది? మిత్తి లేని బావమరిది డబ్బును మిత్తి ఉన్న డబ్బుతో తీర్చడం వల్ల. "అన్నీ కలిపి ఒకటే లోను" అనే మాట వినసొంపుగా ఉంటుంది. లోను ఇచ్చేవాడికి అది ఇంకా సొంపు. మనం మాత్రం ఏ బాకీకి మిత్తి ఎక్కువో దాన్నే ముందు కోయాలి. బావమరిదికి పోయి పంట పంటకూ ఇంత ఇస్తానని చెప్పుకోవచ్చు. ఆయనకు నిజంగా అవసరం పడి అడుగుతుంటే అది వేరే సంగతి.

ఇంకో మోసం గడువులో ఉంటుంది. నాలుగు లక్షలు 12 శాతానికి అయిదేళ్ళలో ఏడాదికో కిస్తీ చొప్పున తీర్చాలంటే కిస్తీ సుమారు లక్షా 11 వేలు. పదేళ్ళకు పెట్టుకుంటే సుమారు 71 వేలు. కిస్తీ తేలికైందని సంతోషిస్తాం. అయిదేళ్ళకైతే మొత్తం మీద కట్టే వడ్డీ లక్షా 55 వేలు. పదేళ్ళకైతే 3 లక్షల 8 వేలు. కిస్తీ మూడో వంతు తగ్గింది, వడ్డీ రెండింతలైంది.

వడ్డీల మధ్య తేడా చిన్నదైతే అసలు కదలొద్దు. రూపాయిన్నర మిత్తికి, అంటే 18 శాతానికి, తెచ్చిన రెండు లక్షలను 14 శాతం తనఖా లోనుతో తీర్చితే ఏడాదికి మిగిలేది 8 వేలు. ప్రాసెసింగ్ ఫీజు, లాయరు అభిప్రాయం, తనఖా రిజిస్ట్రేషన్, బీమా పేరుతో పట్టుకునేది కలిపితే మొదటేడు మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు.

వానకు కిస్తీ తేదీ తెలియదు

మనం కూర్చున్న ఈ సంతోష్‌నగర్‌లోనే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, అందరూ క్రీడా అని పిలిచేది, ఉంది. 1985లో ఏర్పడింది. మన పక్కనే హయత్‌నగర్‌లో, గునగల్‌లో దాని పరిశోధన క్షేత్రాలున్నాయి. వాన మీద ఆధారపడ్డ సేద్యం ఎంత నిలకడ లేనిదో దాని కోసమే ఒక జాతీయ సంస్థను పెట్టాల్సి వచ్చిందంటే అర్థం చేసుకోండి. పత్తి, కంది వేసే మనకు చేతికి డబ్బు వచ్చేది ఏడాదిలో రెండు మూడు నెలలే. తనఖా లోను కిస్తీ మాత్రం ప్రతి నెలా అయిదో తారీఖున తలుపు తడుతుంది.

ఇక్కడ ఒక తేడా చాలామందికి తెలియదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం స్వల్పకాలిక పంటలకిచ్చిన పంట రుణం రెండు పంట కాలాలు బాకీ పడితేనే మొండి బాకీ అవుతుంది. మామూలు తనఖా లోను 90 రోజులు కట్టకపోతే చాలు, మొండి బాకీల జాబితాలోకి పోతుంది. ఒకటి పంట లెక్కన నడుస్తుంది, రెండోది క్యాలెండరు లెక్కన.

కాబట్టి పరీక్ష ఇట్లా పెట్టుకోండి. గడిచిన అయిదేళ్ళలో అన్నిటికన్నా చెడ్డ ఏడాది ఏది? ఆ ఏడాది పంట, పాలు, కూలి, పిల్లల సంపాదన అన్నీ కలిపి ఇంటి ఖర్చు పోగా ఎంత మిగిలింది? ఆ మిగిలిన దాంట్లో కొత్త కిస్తీ ఇముడుతుందా? మంచి ఏడాది లెక్క వేసుకుని సంతకం పెడితే చెడ్డ ఏడాది భూమి పోతుంది. పంట చేతికొచ్చే నెలల్లో ఏడాదికో, ఆరు నెలలకో కిస్తీ పెట్టమని బ్యాంకును అడగండి. ఒప్పుకోకపోతే ఆ లోను మెట్ట రైతు కోసం తయారైంది కాదు.

తనఖా పెడితే చట్టంలో ఏం మారుతుంది

ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి మూడేళ్ళ గడువు. వడ్డీ కట్టి నోటు వెనక రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. తనఖా మీద బాకీ వసూలుకు గడువు 12 ఏళ్ళు. బాకీ ఎగ్గొట్టమని ఇది చెప్పడం లేదు. తనఖాతో అప్పిచ్చినవాడి చెయ్యి ఎంత బలపడుతుందో తెలియాలని చెప్తున్నాను.

నోటు మీద కోర్టు డిక్రీ వచ్చినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రైతుకు కొంత రక్షణ ఇచ్చింది. సాగు పనిముట్లు, పశువులు, విత్తనం, రైతు కాపురముండే ఇల్లు జప్తు చేయకూడదు. అదే ఇంటిని మన చేతులతో తనఖా రాసిస్తే ఆ రక్షణ మనమే వదులుకున్నట్టు.

బ్యాంకులు కోర్టుకు పోకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. 60 రోజుల నోటీసిచ్చి, కట్టకపోతే ఇంటికి తాళం వేయొచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం 31వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. రైతు సంఘాలు గుర్తుపెట్టుకోవాల్సిన మినహాయింపు ఇది. కానీ దీన్ని చూసి ధీమాగా ఉండొద్దు. మొదటిది, మినహాయింపు సాగుభూమికే గానీ ఇంటికి, ప్లాటుకు కాదు. ఊళ్ళో అప్పుల కోసం ఇక్కడ సైదాబాద్‌లోనో చంపాపేటలోనో కొడుకు కొనుక్కున్న ఇల్లు పెట్టారంటే అది ఆ చట్టం కిందికి వస్తుంది. రెండోది, కాగితంలో వ్యవసాయ భూమి అని ఉంటే సరిపోదు. తనఖా పెట్టిన నాటికి అక్కడ నిజంగా సాగు జరుగుతుండాలని, అది రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అప్పు తీసుకున్నవాడిదేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే. నగరం చుట్టూ నాలా మార్పిడి చేయించి పడావు పెట్టిన భూములున్నవాళ్ళు ఇది గమనించండి. మూడోది, సహకార బ్యాంకులకు సహకార సంఘాల చట్టం కింద వేరే వసూలు అధికారాలున్నాయి. వాటికి సర్ఫేసీ అవసరమే లేదు.

తనఖా కంటే ముందు చూడాల్సిన దారులు

చాలామంది ఈ దారులు చూడకుండానే పాస్‌బుక్ పట్టుకుని బయల్దేరుతున్నారు.

ఒకటి, కిసాన్ క్రెడిట్ కార్డు. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ రుణాలకు భూమి తనఖా గానీ వేరే పూచీ గానీ అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. అంతకుముందు ఈ పరిమితి లక్షా 60 వేలు. మూడు లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. 4 శాతం అంటే నెలకు నూటికి 33 పైసలు! కార్డు పరిమితి లెక్కగట్టేటప్పుడు పంట ఖర్చు మీద 10 శాతం ఇంటి అవసరాలకు, కోత తర్వాతి ఖర్చులకు, 20 శాతం పనిముట్ల నిర్వహణకు కలపాలి. మీ కార్డులో కలిపారో లేదో అడగండి. పంట పెట్టుబడి కార్డు మీద దొరికితే దుకాణంలో కొత్త ఉద్దెర ఆగుతుంది. పాత బాకీ తీర్చడం కంటే కొత్త బాకీ పుట్టకుండా చూడటమే పెద్ద పని.

రెండు, ప్రైవేటు అప్పుల మార్పిడి. వడ్డీ వ్యాపారుల అప్పుల్లో చిక్కుకున్న రైతుకు ఆ అప్పు తీర్చుకోవడానికి బ్యాంకులు రుణమివ్వాలన్న మాట 2004 జూన్‌లో కేంద్రం ప్రకటించిన వ్యవసాయ రుణ ప్యాకేజీలోనే ఉంది. అట్లాంటి రుణాన్ని రిజర్వు బ్యాంకు ప్రాధాన్య రంగంలో వ్యవసాయ రుణం కింద లెక్కిస్తుంది. అంటే ఈ లోను ఇస్తే బ్యాంకుకు కూడా దాని లక్ష్యం నెరవేరుతుంది. బ్రాంచీలో నోటిమాటగా అడిగితే "అట్లాంటి స్కీము లేదు" అంటారు. దరఖాస్తు రాసివ్వండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. కాదంటే ఎందుకు కాదో రాసిమ్మనండి.

మూడు, షావుకారుతో కూర్చోవడం. ఇచ్చిన అసలు ఎంత, ఇప్పటిదాకా ముట్టిన మిత్తి ఎంత, నలుగురి ముందు లెక్క తీయండి. అసలుకు మించి మిత్తి కట్టినవాళ్ళు మనలో ఎందరో. ఒకేసారి ఇంత ఇస్తే చెల్లు రాస్తావా అని అడిగితే చాలాచోట్ల దిగివస్తారు. ఒంటరిగా పోవద్దు, సంఘం నుంచి ఇద్దరిని తీసుకుపోండి. ఈ ప్రాంతంలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలన్న చట్టం 1349 ఫసలీ నాటిది, అంటే నిజాం కాలంలోనే వచ్చింది. రుణ విముక్తి కమిషన్ కోసం మన రాష్ట్రం 2016లో చట్టం చేసింది. కమిషన్ పని చేసేలా చూసుకోవాల్సింది మనం.

నాలుగు, బంగారం. భూమికీ బంగారానికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, చిన్న మొత్తానికి, రాబోయే పంటతో విడిపించుకోగలమన్న లెక్క ఉంటే, బంగారమే నయం. పోతే నగ పోతుంది, సాగు నిలుస్తుంది. అయితే గిర్వి దుకాణానికి కాదు, బ్యాంకుకు పోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే రిజర్వు బ్యాంకు నిబంధనల్లో రెండున్నర లక్షల దాకా రుణానికి బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చు. బాకీ తీర్చాక ఏడు పనిదినాల్లో నగలు తిరిగివ్వకపోతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. వేలం వేస్తే బాకీ పోగా మిగిలింది మనకివ్వాలి. ఒక్క మాట, ఆ నగలు ఇంటావిడవి. ఆమెకు లెక్క మొత్తం చెప్పి, ఆమె సరే అన్నాకే బీరువా తెరవండి.

కౌలుకు చేసే తమ్ముళ్ళకు తనఖాకు భూమే లేదు. వాళ్ళకు మిగిలింది బంగారం, లేదా మహిళా సంఘాల రుణం. రెండూ ఇంట్లో ఆడవాళ్ళ మీద పడే భారమే. కౌలు రైతుకు పంట రుణం దొరకాలన్న మన డిమాండ్ ఈ చర్చలో మొదటి వరసలో ఉండాలి.

చచ్చినా సంతకం పెట్టకూడని కాగితం

ప్రైవేటు వ్యాపారి "తనఖా ఎందుకన్నా, సేల్ డీడ్ చేయించు, డబ్బు కట్టినంక తిరిగి రాసిస్తా" అంటాడు. ఇదే అన్నిటికన్నా పెద్ద ఉచ్చు. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం తిరిగి రాసిచ్చే షరతు ఆ అమ్మకం దస్తావేజులోనే ఉండాలి. వేరే కాగితం మీద రాసుకున్నా, పెద్దమనుషుల ముందు ప్రమాణం చేసినా అది తనఖాగా నిలవదు. నిజమైన తనఖాలో బాకీ కట్టి భూమి విడిపించుకునే హక్కు మనకుంటుంది. అమ్మకం చేస్తే ఆ హక్కు ఉండదు. ఖాళీ నోటు, ఖాళీ చెక్కు, సంతకం పెట్టిన స్టాంపు కాగితం కూడా అంతే.

అన్నీ చూసి తీసుకోవాలనుకుంటే

మిత్తి తేడా పెద్దది, చెడ్డ ఏడాదిలోనూ కిస్తీ ఇముడుతుంది, పూచీ లేని దారులు అయిపోయాయి అనుకున్నవాళ్ళు తీసుకోండి. తప్పు లేదు. మూడు రూపాయల మిత్తి కింద ఏళ్ళ తరబడి నలిగేకంటే మేలే. అప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి.

ఉన్న భూమంతా పెట్టొద్దు. బాకీకి సరిపడా ఒక సర్వే నంబరు పెట్టండి, బోరున్న చెలక వదిలేయండి.

2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ టర్మ్ లోన్లకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి, అదీ మనకర్థమయ్యే భాషలో. అందులో ఫీజులన్నీ కలిపిన ఏడాది వడ్డీ శాతం ఉంటుంది. ప్రకటనలోని శాతాన్ని కాదు, దాన్ని చూడండి.

లోను డబ్బు చేతిలో ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు. అప్పిచ్చినవాళ్ళ ఖాతాల్లోకే నేరుగా వేయించండి. పాత నోటు చేతికి తీసుకుని, చెల్లు రాయించుకుని, చించేయండి. పాత నోటు బతికుంటే రెండు అప్పులూ బతికున్నట్టే.

లోను తీరాక 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఈసీ తీయించి తనఖా తొలగిందో లేదో చూసుకోండి. బ్యాంకుకు రాసిచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. 14448కు ఫోన్ చేస్తే దారి చెప్తారు.

మాఫీ మీద ఆశతో లెక్క వేయొద్దు. 2024 జూలై 18 నుంచి ఆగస్టు 15 దాకా మూడు విడతల్లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన రెండు లక్షల మాఫీ స్వల్పకాలిక పంట రుణాలకే. రీషెడ్యూలు చేసిన రుణాలను మినహాయించింది. షావుకారు బాకీని ఆ మాఫీ తాకలేదు. ఇంటి మీద, ప్లాటు మీద తీసుకున్న లోనునూ తాకదు.

సంఘం చేయాల్సిన పని

ఇదంతా ఒక్కో రైతు తన ఇంట్లో చేసుకోవాల్సిన లెక్క. కానీ పత్తి పెట్టుబడి పెరిగి ధర పెరగకపోతే ఎంత తక్కువ మిత్తి లోనైనా రెండేళ్ళలో మళ్ళీ షావుకారు గడప తొక్కిస్తుంది. అందుకే గిట్టుబాటు ధర కోసం పోరాటం ఆపేది లేదు. అప్పుల మార్పిడి రుణం ప్రతి బ్రాంచీలో ఇవ్వాలని, రెండు లక్షల లోపు రుణాలకు పూచీ అడగొద్దని, రుణ విముక్తి కమిషన్ గ్రామాలకు రావాలని మండలానికో వినతిపత్రం ఇద్దాం.

ఇంకో చిన్న పని. ప్రతి గ్రామ శాఖలో లెక్క తెలిసిన ఇద్దరిని పెట్టుకుందాం. తనఖా కాగితం మీద సంతకం పెట్టబోయే సభ్యులు ముందు రోజు వాళ్ళ ముందు కూర్చోవాలి. ఎవరికెంత బాకీ, మిత్తి ఎంత, చెడ్డ ఏడాది మిగులు ఎంత, పణం ఏంటి, ఈ నాలుగు వరసలు ఒక తెల్లకాగితం మీద రాసుకోవాలి. ఒక గంట పని. భూమి తరతరాలది కాబట్టి ఆ గంట ఎక్కువేం కాదు. వచ్చే నెల సమావేశానికి ఎవరి కాగితం వాళ్ళు రాసుకుని రండి, కలిసి చూద్దాం.